పాట వస్తే పిలువు

ఆ సినిమా పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. ఒకవేళ తెలిసినా "ఓ, అదా! అట్టర్ ఫ్లాప్ కదండీ" అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది, అనవసరంగా మనిద్దరికీ చెడుతుంది. ఇన్నేళ్ళలో ఆ సినిమా తరఫున నేను చేసిన వాదనలు కోర్టులో చేసి ఉంటే ఈపాటికి పేరున్న లాయర్ని అయ్యేదాన్ని.

మొన్నొక శనివారం ఇక్కడ అమెరికాలో, మా ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర థియేటర్లో ఒక పెద్ద హీరో పాత సినిమా మళ్ళీ వేశారు. కాలేజీ నుంచి వీకెండ్‌కి వచ్చిన మా అమ్మాయిని తీసుకెళ్ళాను. ఒకటే ఈలలు, అరుపులు, చింపి ఎగరేసిన కాగితాలు. తెరమీద ఏం జరుగుతోందో చూడనివ్వలేదు. బయటికొచ్చి కార్ అద్దం మీది మంచు గీకుతుంటే మా అమ్మాయి అడిగింది.

"అమ్మా, నీ ఫేవరెట్ మూవీ రీ-రిలీజ్ చేస్తే నువ్వు కూడా ఇలా పేపర్స్ త్రో చేస్తావా?"

"నా సినిమాని ఎవడు వేస్తాడే!"

పేరు చెప్పాను. కార్‌లో కూర్చుని ఫోన్‌లో వెతికింది. కాసేపటికి ముఖం అదోలా పెట్టింది.

"ఎవరో రివ్యూ రాశారు. స్టోరీ లేదు, సాంగ్స్ మాత్రం టూ మెనీ అంట."

రెడ్ లైట్ దగ్గర బ్రేక్ కాస్త గట్టిగానే వేశాను. "కథంతా పాటల్లోనే ఉందే! పాటలు చూడకుండా కథ లేదంటే ఎలా? అన్నం తీసి పక్కన పెట్టేసి కంచం ఖాళీగా ఉందన్నట్టు!"

"ఓకే, ఓకే. చిల్ అమ్మా. నేను రాయలేదు కదా అది."

నిజమే, అది రాయలేదు. కానీ ఆ రాసినవాడు ఎవడో నాకు తెలుసనిపించింది. వాడు కాకపోతే వాడిలాంటివాడు మా బేస్‌మెంట్‌లో రిమోట్ పట్టుకుని కూర్చునేవాడు.

నేను మూడో తరగతి దాకా ఇండియాలో చదివి ఇక్కడికి వచ్చాను. నాన్నకి కార్ల కంపెనీలో ఉద్యోగం. అమ్మ వస్తూ వస్తూ పచ్చళ్ళ సీసాల మధ్య, చీర మడతల్లో, ఒక పాటల క్యాసెట్ పెట్టుకుని వచ్చింది. ఆ సినిమా పాటలే. పాటలు ముందు బయటికొచ్చాయి, సినిమా ఇంకా రాలేదు. ఈలోగా మేం విమానం ఎక్కేశాం.

ఆ క్యాసెట్ మా వంటింట్లోనే ఉండేది. టేప్ రికార్డర్ మీద ఎప్పుడూ శనగపిండి వేలిముద్రలు. టేపు లోపల చుట్టుకుపోతే నేను పెన్సిల్ పెట్టి తిప్పి బాగుచేసేదాన్ని. పోపు చిటపటల్లోనే అమ్మ గొంతు కలిపేది. ఆడ గొంతుదీ, మగ గొంతుదీ తనే పాడేది. మధ్యలో వాయిద్యం వచ్చినప్పుడు గరిటెతో గిన్నె అంచు మీద తాళం. ఇంత ముద్ద ఇంగువ నూనెలో వేస్తూ, "ఈ పాట ఎలా తీసి ఉంటారంటావ్? వానలోనే తీసి ఉంటారు. వినపడట్లా, వెనకాల వాన?" అని నన్ను అడిగేది. నాకు వినపడేది నూనె. అయినా వానే అనేదాన్ని.

ఇప్పుడు శనివారాల గురించి చెప్పాలి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాల వెనక ఒక అరలో వీడియో క్యాసెట్లు ఉండేవి. తెలుగువి చాలా తక్కువ. శుక్రవారం తెచ్చుకుంటే ఆదివారం సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి, అదీ మొదటికి చుట్టి ఇవ్వాలి. ఒక్కో ఇంటికి ఒక్కొక్కటి తెచ్చుకోవడం ఎందుకని నాలుగైదు కుటుంబాలు కలిసి మా ఇంటి బేస్‌మెంట్‌లో చేరేవాళ్ళు. రాత్రి భోజనాలలోపు రెండు సినిమాలు అయిపోవాలి, అదీ లెక్క.

ఆ లెక్క చూసుకునే బాధ్యత ఒక అంకుల్‌ది. ఆయన్ని పిల్లలం రిమోట్ అంకుల్ అనేవాళ్ళం. చెడ్డమనిషి కాదు, పాపం. కొత్తగా ఎవరు దేశం దిగినా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేది ఆయనే, సోఫాలు మోసేది ఆయనే. కానీ చేతికి రిమోట్ వస్తే చాలు, ఆ మనిషి మనిషి కాడు. పాట మొదలవుతోందన్న వాసన తగిలితే బొటనవేలు కదిలేది. "పాటే కదా!" అనేవాడు. తెరమీద తెల్లటి చారలు పడేవి. హీరో హీరోయిన్లు చీమలు కుట్టినట్టు గబగబా గెంతి, కొండలెక్కి, బట్టలు మార్చుకుని, దిగి వచ్చేవాళ్ళు. శబ్దం ఉండేది కాదు. మళ్ళీ మాటలు రాగానే మామూలు స్పీడు. ఎవరికీ తప్పుగా తోచేది కాదు. పాటలు చూస్తే రెండో సినిమాకి టైముండదు కదా! చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళింట్లో చూసినా ఇదే వరస.

ఇక అమ్మ బేస్‌మెంట్‌లోకి దిగేదే కాదు. ఇల్లు మాది కాబట్టి బజ్జీల పూట కూడా మాదే. అరటికాయ దొరికేది కాదు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, ఇక్కడి పసుపురంగు లావు మిరపకాయలు. తలుపులన్నీ బిగించిన చలికాలంలో ఆ నూనె పొగ ఎక్కడికి పోతుంది? మా బెడ్‌రూమ్‌లో మంచం మీద గుట్టగా పోసిన అందరి కోట్లలోకీ పోయేది. సోమవారం స్కూల్లో నా పక్క సీటు పిల్ల ముక్కు ఎగబీల్చి, ఇవాళ లంచ్ ఏంటని పొద్దున్నే అడిగేది. కాసేపటికి ఒకసారి వంటింట్లో స్మోక్ అలారం కూడా కుయ్యోమని మొత్తుకునేది. అమ్మ తువ్వాలు పుచ్చుకుని దాని కింద గాలి విసిరేది. కింద బేస్‌మెంట్‌లో అందరూ, "ఆఁ, రెండో వాయి దిగింది!" అని నవ్వేవాళ్ళు.

ఆ చలికాలంలోనే ఒక శుక్రవారం, నాన్న తెచ్చిన సంచీలో బెండకాయల కింద ఆ సినిమా క్యాసెట్ కనపడింది. అమ్మ దాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పైన బొమ్మ కూడా లేదు, తెల్ల కాగితం మీద పెన్నుతో పేరు రాసి ఉంది. ఆ రాత్రి అంట్లు తోముతూ ఒక్కో పాటా వరసగా పాడుకుంది. పొద్దున్నే పిండి కలుపుతూ నన్ను పిలిచింది.

"నువ్వు మెట్ల పక్కన కూర్చో. పాట వస్తే పిలువు. మిగతా సినిమా నాకక్కర్లేదు, పాటలు చూస్తే చాలు. ఒక్క కేక వెయ్యి, వచ్చేస్తాను."

ఇంతకంటే ముఖ్యమైన పని నాకు జీవితంలో ఎవరూ అప్పజెప్పలేదు. మెట్ల పక్కనే కూర్చున్నాను.

కథ చెప్తాను వినండి. హీరో బస్సు కండక్టరు. హీరోయిన్ రోజూ ఆ బస్సులో పక్క ఊరి బడికి వెళ్ళే సంగీతం టీచరు. ఫైట్లు లేవు, విలన్ లేడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడేది చిల్లర గురించి, టైము గురించి. అంతే. ప్రేమ ముచ్చట ఒక్కటి కూడా మాటల్లో ఉండదు. ఆవిడ గొడుగు బస్సులో మర్చిపోవడం, అతను దాన్ని దాచుకోవడం, ఇచ్చేటప్పుడు చెయ్యి తగలడం, మాట పట్టింపు రావడం, అలిగి వేరే బస్సెక్కడం, అన్నీ పాటల్లోనే జరుగుతాయి. అంత చక్కగా ఎవరు ఆలోచించారో గానీ, వాళ్ళకి మా రిమోట్ అంకుల్ గురించి తెలియదు.

మొదటి పాట రాగం మొదలవగానే నాకు తెలిసిపోయింది. "అమ్మా! పాట!" అని కేక వేసి పైకి పరిగెత్తాను. అమ్మ మూకుడులో ఉన్న బజ్జీలు దేవి, స్టవ్ తగ్గించి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంటూ నాలుగు మెట్లు దిగిందో లేదో, కింద కండక్టరు ఎవరితోనో చిల్లర గురించి మాట్లాడుతున్నాడు. "అయిపోయిందా?" అంది అమ్మ. వెనక్కి వెళ్ళిపోయింది.

రెండోసారి అమ్మ రాకముందే అలారం మోగింది. మూడోసారి నేను ముందే అరిచాను, పాట రాకముందే. అమ్మ వచ్చి మెట్ల మీద నిలబడింది. నిలబడ్డంతసేపూ కండక్టరు, డ్రైవరు టీ తాగుతున్నారు. "పొయ్యి మీద నూనె కాగిపోతోందే" అని అమ్మ వెళ్ళగానే పాట వచ్చింది, చారలు పడ్డాయి, పోయింది.

"అంకుల్, మా అమ్మ వస్తోంది, ఒక్క నిమిషం ఆపండి అంకుల్" అన్నాను.

"పాటే కదమ్మా, ఆవిడకి కథ మనం చెప్దాంలే" అన్నాడు రిమోట్ అంకుల్. నాన్న వైపు చూశాను. నాన్న సోఫాలో ఆ చివర, ఒళ్ళో బజ్జీల పళ్ళెంతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు, వినపడింది కూడా. "పోనీలేమ్మా" అన్నాడు. ఆ "పోనీలే" వింటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అంకుల్‌కి మాత్రం సినిమా అర్థం కాలేదు. ఎలా అవుతుంది? "ఇందాక చిల్లర అడిగిన పిల్ల ఇప్పుడు ఎందుకు ఏడుస్తోంది? ఆ గొడుగు ఎవరిది? తలా తోకా లేదు కదండీ!" అని అందరినీ అడిగాడు. అందరూ అవునన్నారు. ఆఖర్న కండక్టరుకి దూరానికి బదిలీ అవుతుంది. ఆ రూట్లో అదే చివరి ట్రిప్పు. వాన. స్టాపులో ఆవిడ ఒక్కతే నిలబడి ఉంటుంది. బస్సు ఆగుతుంది. పాట మొదలవుతుంది.

"ఆఁ, ఇంక పాటే. అయిపోయినట్టే" అని అంకుల్ ఆపేసి, రివైండ్ నొక్కాడు. క్యాసెట్ చుట్టుకోవడానికి టైము పడుతుంది, రెండో సినిమా ఉంది. నేను మెట్ల మధ్యలో ఉన్నాను, అమ్మ పైమెట్టు మీద ఉంది. క్యాసెట్ గిర్రున వెనక్కి తిరుగుతున్న చప్పుడు ఇద్దరం విన్నాం.

అమ్మ కిందికి దిగింది. పళ్ళెం ఖాళీ అయిందేమో చూసి, తీసుకుని పైకి వెళ్ళింది. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తినకుండా అలిగాను, ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఇంకోసారి ఆ క్యాసెట్ తెప్పించాను, స్టోర్‌లో నాన్న చొక్కా పట్టుకుని ఏడ్చి. ఈసారి తెలివిగా ముందే రిమోట్‌లో బ్యాటరీలు తీసి కందిపప్పు డబ్బాలో పడేశాను. అంకుల్ రిమోట్‌ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి చూశాడు. తర్వాత కుర్చీ జరుపుకుని వీసీఆర్ పక్కనే కూర్చుని, సినిమా మొత్తం వేలు బటన్ మీదే ఉంచాడు. పైగా రిమోట్ కంటే దాని స్పీడే ఎక్కువ. బ్యాటరీలు ఆ తర్వాతి వారం పప్పు కడుగుతుంటే అమ్మకి దొరికాయి. తిట్టలేదు. కడిగి, తుడిచి, గూట్లో పెట్టింది.

ఆఖరికి ఆ టీచరు బస్సెక్కిందా లేదా అన్నది మా ఇద్దరికీ తెగని వాదన అయింది. ఆ పాట మా వంటింటి క్యాసెట్‌లో ఉంది. చరణం ఆడ గొంతు ఒక్కటే పాడుతుంది. ఆఖరి పల్లవి మాత్రం ఇద్దరూ.

"ఎక్కింది. ఇద్దరూ కలిసి పాడుతున్నారంటే ఎక్కినట్టే కదే" అనేది అమ్మ.

"ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతూ కూడా పాడొచ్చు."

"నీకు అన్నీ వంకరే. ఎక్కకపోతే ఎలా? బస్సు దాని కోసం ఆగి ఉంటుందా? ఎక్కాలి మరి." ఆ మాట అంటూ ఉల్లిపాయలు ఇంకా సన్నగా తరిగేది.

కొన్నాళ్ళకి స్టోర్‌లో ఆ క్యాసెట్ పోయింది. ఎవరో తెగ్గొట్టి తిరిగి ఇచ్చారట. తర్వాత స్టోర్ కూడా మారిపోయింది, క్యాసెట్ల అర ఉన్నచోట ఫ్రోజెన్ పరోటాలు వచ్చాయి. అమ్మ పాటల క్యాసెట్ కూడా అరిగి, గొంతులు నీళ్ళలోంచి వచ్చినట్టు అయ్యి, ఆగిపోయింది. ఆ తర్వాత అమ్మ ఆ పాటలు బయటికి పాడగా నేను వినలేదు.

మా అమ్మాయి ఆ శనివారమే ఇంటికి వచ్చాక ఇంటర్నెట్‌లో వెతికి వెతికి, ఎవరో పెట్టిన పూర్తి సినిమా పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం అమ్మావాళ్ళింటికి వెళ్ళాం. ఇల్లు అదే, బేస్‌మెంట్ అదే, సోఫా మాత్రం మారింది. రిమోట్ అంకుల్ కూడా వచ్చి ఉన్నాడు, జుట్టంతా తెల్లబడి, చేతిలో కర్రతో. నన్ను చూడగానే చెయ్యి చాపాడు. "ఆ రిమోట్ ఇలా ఇవ్వమ్మా, నేను పెడతాను."

"చస్తే ఇవ్వను అంకుల్" అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వలేదు.

సినిమా పెట్టాం. అమ్మ ఎక్కడ ఉంది? పైన! అంకుల్ వచ్చాడు కదా, బజ్జీలు. పిల్లలున్న దాన్ని, తల నెరుస్తున్న దాన్ని, మళ్ళీ మెట్ల దగ్గర నిలబడి అరిచాను.

"అమ్మా! పాట వస్తోంది!"

"మీరు చూడండే. ఈ వాయి తీసేసి వస్తాను."

"నువ్వొచ్చేదాకా కదలదు. ఆపేశాను."

నమ్మలేదు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చి టీవీ చూసింది. బొమ్మ నిజంగానే ఆగి ఉంది. నాన్న మెల్లగా అడిగాడు.

"ఇప్పుడైతే ఇలా ఆపుకోవచ్చు. అప్పట్లో ఈ పాజ్ బటన్ ఉండేది కాదు కదా?"

"ఉండేది నాన్నా. ఫార్వర్డ్ పక్కనే ఉండేది."

అంకుల్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. నేను ప్లే నొక్కాను. పాట మొదలైంది, శబ్దం రాలేదు. పెదవులు కదులుతున్నాయి, బస్సు కదులుతోంది, చిన్న చప్పుడు కూడా లేదు. వాల్యూమ్ పెంచాను. ఏమీ లేదు. మా అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పింది: "మ్యూజిక్ రైట్స్ ఇష్యూ అమ్మా. సాంగ్స్ అన్నీ మ్యూట్ చేసేశారు. డైలాగ్స్‌కి మాత్రం సౌండ్ ఉంది."

నా ఖర్మ! తల ఆ గోడకేసి కొట్టుకుందామనిపించింది. అప్పుడు మిగిల్చిన మాటలే ఇప్పుడూ మిగిల్చారు. ఎవరికేం చేసింది ఈ సినిమా?

"సౌండే లేదు కదమ్మా, ఫార్వర్డ్ చేసెయ్" అన్నాడు అంకుల్, అలవాటు కొద్దీ.

నేను నోరు తెరిచేలోపు అమ్మ పాడింది. సోఫా అంచున కూర్చుని, చేతికి శనగపిండి అలాగే ఉండగా, తెరమీద పెదవులు చూస్తూ పాడింది. మొదట ఒక మాట వెనకబడి, తర్వాత సరిగ్గా అందుకుని. గొంతు వణికింది, పైస్థాయిలో అందలేదు, అక్కడ ఊరుకుని మళ్ళీ కిందనుంచి ఎత్తుకుంది. పాట పాటకీ మధ్యలో విసుక్కుంది కూడా. "ఇదేం చీర, ఈ పాటకి? నేను నీలం అనుకున్నాను. ఇంత మంచి పాటని తీసుకెళ్ళి బస్సు డిపోలో తీశారేంటి, దరిద్రం!" నేను ఇన్నేళ్ళు ఎవరి కోసం వాదించానో ఆవిడే ఇలా తిడుతుంటే నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంకుల్ మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి, "ఓహో, గొడుగు అక్కడ వచ్చిందా!" అన్నాడు.

ఆఖరి పాట వచ్చింది. వాన, స్టాపు, బస్సు ఆగింది. అమ్మ చరణం పాడుతోంది. ఆవిడ బస్సు మెట్టు దాకా వచ్చింది. నిలబడింది. ఎక్కలేదు. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు కండక్టరు భుజానికి వేలాడే సంచీ తీసి, సీటు మీద పెట్టి, అతనే దిగాడు. విజిల్ డ్రైవరు చేతిలో పెట్టి, దిగాడు. బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ ఆ వానలో నిలబడి పల్లవి పాడారు.

అమ్మ పల్లవి పూర్తి చెయ్యలేదు.

"ఆయన దిగాడా!" అంది. "ఇన్నాళ్ళూ అది ఎక్కిందా లేదా అనే కొట్టుకున్నాం. ఆయన దిగొచ్చని నాకు ఒక్కసారి కూడా తట్టలేదే."

నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. కోపం వచ్చిందో, జాలి వేసిందో నాకే తెలియలేదు. ఏదో ఒకటి అనేద్దామని నోటిదాకా వచ్చింది. అమ్మ నా మోచేయి తట్టింది.

"ఆ చివరి పాట మళ్ళీ పెట్టు. ఈసారి నువ్వు పాడు, నీకూ వచ్చు కదా. పాడుతూ ఉంటే సరిగ్గా చూడలేకపోయాను."

సరిగ్గా అప్పుడే పైన వంటింట్లో అలారం కుయ్యోమని మొదలెట్టింది. ఆఖరి పాటకి ముందు పైకెళ్ళి ఇంకో వాయి వేసి, స్టవ్ సన్నగా పెట్టి వచ్చిందట. అమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసి లేవబోయింది. నాన్న ఆమె కంటే ముందు లేచాడు. "నువ్వు కూర్చో, చూడు. నేను వెళ్తాను" అని, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ పైకి ఎక్కాడు. పైన మూకుడు జరిపిన చప్పుడు, తువ్వాలు విసురుతున్న చప్పుడు వినపడ్డాయి.

నేను ప్లే నొక్కాను. ఇన్నేళ్ళకి అమ్మ కూర్చుంది, నాన్న పొగలో ఉన్నాడు, ఉండనీ అనుకున్నాను. బస్సు ఆగింది, పాట ఎత్తుకోబోయాను.

"ఆపవే" అంది అమ్మ, నా చేతి మీద చెయ్యి వేసి. "మీ నాన్న రానీ. ఆయన కూడా చూడలేదు కదా."

అంత కోపంలోనూ ఆపాను. తెరమీద కండక్టరు ఇంకా దిగకుండా, బస్సులోనే అలాగే నిలబడిపోయాడు. పైన అలారం మోగుతూనే ఉంది. మేం నలుగురం నాన్న కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.